గొంతులో గడ్డి బండి

పిల్లలూ,

మొన్న కార్తీక వనభోజనాల్లో చిట్టి కంద కూరతో రెండు ముద్దలు తిని, మూడోది ఆకులోనే వదిలేసి, గొంతు పట్టుకుని "తాతయ్యా, నా గొంతులో ముళ్లున్నాయా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే పిల్ల అన్నది నిజం. అక్కడ ఆ గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి ఈ ఉత్తరం.

కందలో నిజంగానే ముళ్లుంటాయి. కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం కంటికి ఆననంత సన్నటి సూదులుగా, కట్టలు కట్టలుగా దుంప నిండా ఉంటుంది. చేమదుంపలోనూ, చేమాకులోనూ అవే సూదులు. అందుకే మీ అమ్మమ్మ కంద కోసే ముందు చేతులకి నూనె రాసుకుని కత్తిపీట దగ్గర కూర్చుంటుంది, చింతపండు పులుసు పోసి ముక్క మెత్తబడేదాకా ఉడికిస్తుంది. బాగా ఉడికితే దురద దిగిపోతుంది. ఆ రోజు తడి కట్టెలతో పొయ్యి సరిగ్గా మండలేదు, ఆకలి మీద మనం ఆగలేదు, ముక్క సగమే ఉడికింది.

మా చిన్నప్పుడు కుప్ప నూర్పిళ్లు అయ్యాక గడ్డి బండ్లు ఇళ్లకి వచ్చేవి. మా ఇల్లు ఒక సందు చివర. బండి వస్తుంటే గడ్డి రెండు పక్కలా గోడల్ని రాసుకుంటూ సర్రుమని చప్పుడు చేసేది, మేం పిల్లలం ఆ గడ్డి మీదెక్కి దొర్లేవాళ్లం. సాయంత్రానికి ఒళ్లంతా నూగు, ఒకటే దురద. "గోకకురా, గోకిన కొద్దీ పెరుగుతుంది" అని మా నాన్నమ్మ నీళ్లు పోసి, ఒంటికి కొబ్బరినూనె రాసేది. తెల్లారేసరికి ఏమీ ఉండేది కాదు. చిట్టి గొంతుకి పట్టింది కూడా అలాంటి నూగే. నోట్లో ఉన్నది ఉమ్మించి, పుక్కిలింపించి, చల్లటి పాలు తాగించాం. చీకటి పడేలోపు మళ్లీ పరుగులే కదా!

కానీ ఆ సందులోనే ఒక ఏడాది ఎవరో బండికి గడ్డి మరీ ఎక్కువ వేసుకొచ్చారు. మధ్యలోకొచ్చి ఇరుక్కుపోయింది. ముందుకి పోదు, వెనక్కి రాదు. ఇవతలి వాళ్లు ఇవతలే, అవతలి వాళ్లు అవతలే. పెద్దవాళ్లు గడ్డి చేతులతో పీకి పీకి దారి చేసేసరికి మధ్యాహ్నం దాటింది. అదే బండి పొలంలో ఉంటే ఎంత గడ్డి వేస్తే ఎవరికేం? చేయి వాస్తే పొలంలో బండి లాంటిది, బయటికి వాచడానికి చోటుంది. గొంతు మా సందు. అన్నం వెళ్లేదీ, గాలి వెళ్లేదీ ఆ ఇరుకులోంచే. అందుకని గొంతు విషయంలో మంట కన్నా వాపుకి భయపడాలి.

ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. ఏదైనా తిన్నాకో, నోట్లో తేనెటీగ కుట్టాకో పెదవులూ నాలుకా వాచినా, గొంతు మారిపోయినా, ఊపిరి తీసుకుంటుంటే చప్పుడు వచ్చినా, ఉమ్మి కూడా మింగలేక నోటి పక్కనుంచి కారుతున్నా ఇంటి వైద్యాలు అన్నీ ఆపేసి అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. 108కి ఫోన్ చేయండి, పెద్దవాళ్లు లేకపోతే మీరే చేయండి. అప్పుడు నోట్లో చెంచా పెట్టి చూడబోవద్దు, పడుకోబెట్టవద్దు, కూర్చోనివ్వండి. కొందరికి వేరుశనగ పప్పు పడదు, కొందరికి రొయ్యలు పడవు, వాళ్లకి ఇది నిమిషాల్లో ముదరొచ్చు. అపార్ట్‌మెంట్ల మెట్ల దగ్గర కుండీల్లో పెంచే మచ్చల ఆకుల డంబ్ కేన్ మొక్క ఉంది చూశారా, దాంట్లోనూ కంద సూదులే. నమిలితే నాలుక వాచి మాట రాదు, డంబ్ అంటే మూగ, ఆ పేరు అందుకే వచ్చింది. మీ చిన్న తమ్ముడిని దాని దగ్గరికి పోనివ్వకండి.

మిగతావి చాలావరకు నూగు బాపతే. వేడి టీకి అంగిలి కాలడం, జలుబుతో గొంతు గరగర, ఇవి వారం లోపు వాటంతటవే సర్దుకుంటాయి. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి, మింగకండి. జలుబు గొంతుకి అలమారాలో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్ర వేసుకోవడం మాత్రం తప్పు, వైరస్ మీద అది పనిచేయదు. మరి డాక్టర్ దగ్గరికి ఎప్పుడంటారా, గొంతు నొప్పితో బాటు జ్వరం గట్టిగా ఉన్నా, మెడలో బిళ్లలు కట్టినా, నీళ్లు తాగడం కూడా కష్టమైనా, వారం దాటినా వెళ్లాలి. నోటి పూత రెండు మూడు వారాలకీ మానకపోతే అదీ చూపించాలి. చెప్తే సూది వేస్తారని దాచుకోవద్దు. నేను ఒకసారి అలాగే దాచి, జ్వరం ముదిరాక పది రోజులు బడి మానాను, మా అమ్మ ఆ పది రాత్రులూ నిద్రపోలేదు.

ఇప్పుడొక పని చేయండి. ఈ రాత్రి పళ్లు తోముకున్నాక అద్దం ముందు నిలబడి, టార్చి వెలుగు నోట్లో పడేలా పెట్టుకుని, గట్టిగా "ఆ" అనండి. కొండనాలుక ఎగిరి పైకి పోతుంది, ఆగగానే దిగుతుంది. దానికి అటూ ఇటూ రెండు గుబ్బలు, అవే టాన్సిల్స్. మధ్యలో ఎర్రగా, తడిగా మెరుస్తూ కనిపించేది మన సందు. పుట్టినప్పటినుంచీ రాత్రీ పగలూ మీ ఊపిరంతా ఆ కాస్త దారిలోనే వచ్చి పోతోంది! బాగున్నప్పుడు అది ఏ రంగులో ఉంటుందో, ఎంత వెడల్పు ఉంటుందో ఒకసారి బాగా చూసి పెట్టుకోండి. చిట్టీ, నువ్వు ముందు చూసి నాకు రాయి.

మీ తాతయ్య