కినోవా చేదు, దాని జన్యువు, విత్తనంపై హక్కు

కినోవాను వండే ముందు రెండు మూడు సార్లు కడగాలని ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. కడిగితే నీళ్లలో కుంకుడు రసం గిలకొట్టినట్టు నురగ వస్తుంది. కుంకుడుకాయలో నురగనిచ్చే శాపోనిన్ల కుటుంబానికి చెందిన పదార్థాలే కినోవా గింజ పైపొరలో కూడా ఉంటాయి. గింజకు చేదు వాటివల్లే వస్తుంది. ఈ చేదును పోగొట్టాలన్న ప్రయత్నమే ఈ పంట మీద జరిగిన జన్యు పరిశోధనలో పెద్ద భాగం. ఆ పరిశోధన ఎవరి విత్తనంతో జరగాలి, దాని ఫలితం ఎవరిది కావాలి అన్న వివాదం కూడా దానితోపాటే పెరిగింది.

కినోవా ధాన్యం కాదు. తోటకూర, పాలకూరల కుటుంబంలోనిది. మన చేలగట్ల మీద కలుపుగా మొలిచే చక్రవర్తి కూరకు దగ్గరి చుట్టం. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో, పెరూ, బొలీవియాల మధ్యనున్న టిటికాకా సరస్సు పరిసరాల్లో వేల ఏళ్ల కిందటే దీన్ని సాగులోకి తెచ్చారు. పెరూను ఏలిన ఇంకా రాజవంశ సంతతికి చెందిన చరిత్రకారుడు గార్సిలాసో దె లా వేగా 1609లో అచ్చయిన తన గ్రంథంలో, స్పానిష్ వాళ్లు దీన్ని 'చిన్న బియ్యం' అంటారనీ, తాను స్పెయిన్‌కు తెప్పించుకున్న విత్తనాలు జీవం పోయి చేరాయనీ రాశాడు. ఆ తరువాత మూడు శతాబ్దాలకు పైగా ఇది కొండజాతుల తిండిగానే మిగిలిపోయింది.

ఆధునిక ప్రజననానికి, అంటే సంకరణాలతో మేలైన రకాలను రూపొందించే పనికి, పునాది వేసినవారిలో బొలీవియా శాస్త్రవేత్త ఉంబెర్తో గందరియ్యాస్ ముఖ్యుడు. చేదు, తీపి అన్న తేడా ప్రధానంగా ఒకే జన్యువు మీద ఆధారపడుతుందనీ, చేదుదే పైచేయి అనీ సంకరణాల ద్వారా గుర్తించి, ఆయన 1960లలో 'సహామా' అనే తీపి రకాన్ని రూపొందించాడు. అయితే చేదు లేని చేను పిట్టలకు విందుభోజనమైంది. బొలీవియాలోని ఉయుని ఉప్పుమైదానం చుట్టూ సముద్రమట్టానికి 3,600 మీటర్లకు పైన 'రాయల్ కినోవా' పండించే రైతులు నేటికీ చేదు రకాలనే వేసి, కోత తరువాత గింజను రుద్ది కడుగుతున్నారు. చేదు లోపమని శాస్త్రం అనుకున్నంతగా రైతు ఎప్పుడూ అనుకోలేదు.

1993లో నాసా ప్రచురించిన ఒక సాంకేతిక పత్రం దీర్ఘకాల అంతరిక్ష యాత్రల్లో పెంచదగిన పంటగా కినోవాను పరిశీలించడంతో దీని పేరు పోషకాహార వర్గాల బయటకు కూడా పాకింది. కారణం లేకపోలేదు. వరి, గోధుమల్లో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం ఇందులో తగినంత ఉంటుంది, పైగా గ్లూటెన్ ఉండదు. పచ్చి గింజలో నూటికి సుమారు 14 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అయితే ఉడికాక నీరు చేరి అది 4.4 గ్రాములకు దిగుతుంది. అన్నంకన్నా మెరుగే గానీ ఉడికిన కందిపప్పుతో తూగదు. పప్పన్నం తినేవారికి కినోవా అందించే అద్భుతం ప్రకటనల్లో చెప్పినంత పెద్దది కాదని నా అభిప్రాయం.

అసలు గొడవ 1994లో మొదలైంది. టిటికాకా సమీపంలోని ఒక ఊరి పేరుతో పిలిచే 'అపెలావా' రకంలో సహజంగా కనిపించిన పురుష వంధ్యత్వంపై, దాని ఆధారంగా తయారుచేసే సంకర రకాలపై కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులిద్దరికి అమెరికా పేటెంట్ లభించింది. పుప్పొడి పనిచేయని మొక్కలుంటే సంకర విత్తనం తీయడం సులువవుతుంది. మన సజ్జ, పొద్దుతిరుగుడు సంకర విత్తనాలు తయారయ్యేది ఈ పద్ధతిలోనే. బొలీవియా కినోవా ఉత్పత్తిదారుల జాతీయ సంఘం అనాప్కీ దీనిపై అంతర్జాతీయ వేదికలకెక్కింది. 1998లో విశ్వవిద్యాలయం కొనసాగింపు రుసుము కట్టకుండా పేటెంటును వదిలేసింది. అప్పటికే, 1996లో, ఆండీస్ దేశాలు ఉమ్మడిగా ఆమోదించిన 391వ నిర్ణయం ప్రకారం జన్యు వనరులు కావాలంటే ఆయా ప్రభుత్వాలతో ఒప్పందం తప్పనిసరైంది. 2001లో కుదిరిన అంతర్జాతీయ పంట జన్యు వనరుల ఒప్పందంలో, దేశాలు సులభంగా పంచుకోవలసిన పంటల జాబితాలో కినోవా చేరలేదు.

ఈ నేపథ్యం తెలిస్తేనే 2017 నాటి జన్యుక్రమ పరిశోధన అర్థమవుతుంది. సౌదీ అరేబియాలోని కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ టెస్టర్ నాయకత్వంలోని బృందం 'నేచర్' పత్రికలో ప్రచురించిన ఆ జన్యుక్రమం చిలీ తీరప్రాంతపు రకానిది. జపాన్ శాస్త్రవేత్తలు అంతకు ముందు ఏడాదే ఒక ముసాయిదా క్రమాన్ని వెలువరించారు. కినోవాలోని 36 క్రోమోజోములు రెండు వేర్వేరు పూర్వీకుల నుంచి వచ్చాయనీ, ఒక పూర్వీకురాలు అమెరికా ఖండానిదైతే మరొకదానికి దగ్గరి బంధువు యూరప్, ఆసియాల్లో పెరిగే మొక్క అనీ నేచర్ పత్రం చూపింది. శాపోనిన్ల తయారీని నడిపే జన్యువును కూడా అది గుర్తించింది. తీపి రకాల్లో ఆ జన్యువులోని చిన్న మార్పు వల్ల ప్రోటీన్ అర్ధాంతరంగా ఆగిపోతుంది. గందరియ్యాస్ పొలంలో లెక్కగట్టినదానికి అర్ధ శతాబ్దం తరువాత అణుస్థాయి ఆధారం దొరికినట్టయింది.

చిలీ తీరపు రకాలు పగటి పొడవును అంతగా పట్టించుకోవు. అందుకే యూరప్, ఉత్తర అమెరికాల్లోని ప్రజననమంతా ఎక్కువగా వాటి మీదే సాగింది. పగలు తక్కువగా ఉంటేనే పూసే ఎత్తు ప్రాంతాల రకాలు అక్కడ సకాలంలో పంటకు రావు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ మన వాతావరణంలో కినోవాను పరీక్షించింది, వేరుశనగకు ప్రత్యామ్నాయం వెతుకుతూ అనంతపురం జిల్లాలోనూ దీన్ని వేసి చూశారు.

బొలీవియా చొరవతో ఐక్యరాజ్యసమితి 2013ను అంతర్జాతీయ కినోవా సంవత్సరంగా ప్రకటించాక ధరలు ఎగసి, 2015 నాటికి కూలాయి. ఆ కాలంలో పేదలకు కినోవా అందకుండా పోయిందన్న వార్తలు విస్తృతంగా వచ్చినా, పెరూ కుటుంబాల సర్వేలను పరిశీలించిన ఆర్థికవేత్తలకు ధరల పెరుగుదలతో సగటు కుటుంబ స్థితి కొంత మెరుగుపడినట్టే కనిపించింది. హాని నేలకే ఎక్కువ జరిగింది. ఉయుని పరిసరాల్లో లామాలు మేసే బీళ్లను ట్రాక్టర్లతో దున్ని, భూమికి విరామం తగ్గించడంతో పైమట్టి గాలికి కొట్టుకుపోసాగింది. చిలీ రకపు జన్యుక్రమాన్ని ఈరోజు ఎవరైనా కంప్యూటర్‌లో చదువుకోవచ్చు గానీ, ఆ నేలలో పండే రాయల్ కినోవా విత్తనాన్ని పరిశోధనకు కోరేవారు మాత్రం బొలీవియా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకోవాలి.