ఉత్తరాలతో డాక్యుమెంటరీ: అపోహలు - వాస్తవాలు

డాక్యుమెంటరీ ఎడిటింగ్ నా పని. పాత ఉత్తరాలతో సినిమా తీస్తామని వచ్చేవాళ్లకి ముందు ‘ట్రంబో’ చూడమంటాను. కమ్యూనిస్టులన్న కారణంతో స్టూడియోలు పని ఇవ్వకుండా పక్కనపెట్టినవాళ్ల జాబితాలో, అంటే హాలీవుడ్ బ్లాక్‌లిస్ట్‌లో పడ్డ సినీ రచయిత డాల్టన్ ట్రంబో మీద పీటర్ ఆస్కిన్ 2007లో తీసిన చిత్రమది. కథలో ఎక్కువ భాగాన్ని ఆయన ఉత్తరాలే నడిపిస్తాయి.

అపోహ: ఉత్తరాలు దొరికాయంటే స్క్రిప్టు సగం అయిపోయినట్టే.

కాదు. ఉత్తరం కంటితో చదువుకోవడానికి రాసినది. అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాం. సినిమా చూసేవాడికి ఆ వీలుండదు. ట్రంబో కొడుకు క్రిస్టఫర్ ఈ ఉత్తరాలతో ముందు రంగస్థల నాటకం తయారుచేశారు. ఏ వాక్యం చెవికి ఆనుతుందో, ఏది జారిపోతుందో అక్కడే తేలుతుంది. సినిమా ఆ తర్వాతే వచ్చింది.

అపోహ: ఉత్తరాలన్నీ ఒకే గొంతులో వినపడాలి.

ఈ చిత్రంలో మైకేల్ డగ్లస్, లియామ్ నీసన్, డోనాల్డ్ సదర్లాండ్, ఇంకా చాలామంది నటులు చదివారు. జోన్ అలెన్ అనే నటి కూడా చదివారు. ఎవరూ ట్రంబో వేషం కట్టలేదు. కాలేజీలో ఉన్న కొడుక్కి ఆయన రాసిన కొంటె ఉత్తరాన్ని నేథన్ లేన్ చదువుతుంటే నవ్వు ఆగదు. అదే గొంతు ఆయన జైలు నుంచి రాసిన ఉత్తరాల్ని కూడా మోయాలంటే కష్టం.

అపోహ: సొంత చేత్తో రాసుకున్నాడు కాబట్టి అదంతా నిజమే.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఈ నమ్మకం. ఉత్తరం ఎవరో ఒకరి కోసం రాస్తారు. అప్పిచ్చినవాడికి ఒకలా, స్నేహితుడికి ఇంకోలా. కెంటకీలోని ఆష్‌లాండ్ జైలు నుంచి భార్య క్లియోకి రాసేటప్పుడు, మధ్యలో జైలువాళ్లు కూడా చదువుతారని తెలిసే రాయాలి. ధైర్యంగా ఉన్నానని రాస్తే ధైర్యంగా ఉన్నారనే కాదు, ఇంట్లోవాళ్లు దిగులు పడకూడదని కూడా కావచ్చు. అందుకే ఎవరికి, ఎప్పుడు, ఎక్కడినుంచి రాశారో తెరమీద చెప్పకుండా నేను ఏ ఉత్తరమూ వాడనివ్వను.

అపోహ: కమ్యూనిస్టు కాబట్టి ప్రభుత్వం జైల్లో పెట్టి, సినిమాల నుంచి నిషేధించింది.

ట్రంబో పార్టీ సభ్యుడే. కానీ శిక్ష పడింది అందుకు కాదు. 1947లో సినిమా రంగంలో కమ్యూనిస్టుల గురించి విచారించిన అమెరికా ప్రతినిధుల సభ కమిటీ అడిగిన ప్రశ్నలకి సూటిగా జవాబివ్వనందుకు, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ధిక్కారం కింద. పని ఇవ్వబోమని ప్రకటించింది మాత్రం స్టూడియో యజమానులు, అదే ఏడాది. ఇక్కడ తప్పు చెబితే బ్లాక్‌లిస్ట్ పెట్టిన స్టూడియోలు తప్పించుకుంటాయి.

అపోహ: బ్లాక్‌లిస్ట్ అంటే పని లేక ఖాళీగా కూర్చోవడం.

తక్కువ డబ్బుకి, మారుపేర్లతో విపరీతంగా రాశారాయన. ‘రోమన్ హాలిడే’ కథకి స్నేహితుడు ఇయాన్ మెక్లెలన్ హంటర్ పేరు పడింది, ఆస్కార్ కూడా ఆ పేరుకే వచ్చింది. ‘ది బ్రేవ్ వన్’ ఆస్కార్ రాబర్ట్ రిచ్ అనే మారుపేరుకి వెళ్లింది.

1960లో ‘స్పార్టకస్’, ‘ఎక్సోడస్’ టైటిల్స్‌లో సొంత పేరు మళ్లీ కనిపించింది. ‘ది బ్రేవ్ వన్’ ప్రతిమ 1975లో చేతికందింది. మరుసటి ఏడాదే ఆయన చనిపోయారు. ‘రోమన్ హాలిడే’ ఆస్కార్‌ని 1993లో క్లియో అందుకున్నారు. ఇది ఆయన ఏ ఉత్తరంలోనూ దొరకదు. పాత ఫుటేజీ, బతికున్నవాళ్ల ఇంటర్వ్యూలు అవసరమయ్యేది ఇలాంటి చోటే.