తొట్టిలో రెండు మీటర్లు పోతే కొండ కింద రెండొందలేనా?

వరంగల్‌లో మా ల్యాబ్‌కు వచ్చేవాళ్లు వాలు తొట్టిలో బురద, కంకర జారడం చూసి తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "సార్, ఇది వందో వంతు మోడల్ కదా? ఇక్కడ రెండు మీటర్లకు ఆగితే నిజం కొండ కింద రెండొందల మీటర్లకు ఆగుతుంది కదా?"

ఆగదు. ఈ లెక్క నమ్మి కొండ కింద ఇల్లు కట్టుకుంటే ప్రాణాల మీదికొస్తుంది.

డెబ్రిస్ ఫ్లోను, అంటే నీళ్లతో కలిసి కొండ మీంచి దూసుకొచ్చే బురద, రాళ్ల ప్రవాహాన్ని, అంత దూరం పరుగెత్తించేది రాళ్ల సందుల్లో ఇరుక్కున్న నీటి ఒత్తిడి. రాళ్ల బరువును కొంత అదే మోస్తుంది, రాపిడి తగ్గిపోతుంది. ఆ ఒత్తిడి దిగిపోవడానికి పట్టే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అదే మట్టి తొట్టిలో 5 సెంటీమీటర్లు, కొండ మీద 5 మీటర్లు ఉందనుకోండి. మందం 100 రెట్లు, ఒత్తిడి దిగే సమయం 10,000 రెట్లు. ప్రవాహం సాగే సమయం మాత్రం సుమారు 10 రెట్లే పెరుగుతుంది. అంటే కొండ మీద ఆ ఒత్తిడి దిగకముందే ప్రవాహం చాలా దూరం పోతుంది. పైగా బురద జిగట చిన్న తొట్టిలో ఉండాల్సినదానికంటే ఎక్కువగా పట్టి ఆపుతుంది. అందుకే అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఒరెగాన్‌లో 95 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పుతో కాంక్రీటు తొట్టి కట్టుకుంది. 2024 జులై 30న వయనాడ్‌లో విరిగిన కొండ దాదాపు 8 కిలోమీటర్లు ప్రవహించినట్టు మన హైదరాబాద్ ఎన్ఆర్ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్) ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది. ఎంత దూరం వస్తుందో తేల్చాలంటే లోయ నోట్లో పాత రాళ్లు ఎక్కడిదాకా పడి ఉన్నాయో వెళ్లి చూడాలి.

'మన గుట్టలూ వయనాడ్ లాగే కూలతాయి' అన్నది వాట్సాప్ పుకారు. భూపాలపల్లిలో ఉండే మా బావ ఓ రాత్రి ఫోన్ చేసి "బామ్మర్దీ, మన గుట్టలు గిట్లనే జారుతయా?" అన్నాడు. ఆయన చూసిన వీడియో మా తొట్టిదే! ఎవరో ఉరుముల సౌండ్ కలిపారు. ఆయన టెన్షన్ ఊరికే వచ్చింది కాదు, మోరంచపల్లిని కళ్లారా చూశాడు. కానీ 2023 జులై 27న ఆ ఊరిని ముంచింది వాగు. ఆ వానకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 649.8 మిల్లీమీటర్లు పడింది. అలాంటి వాన కురిస్తే బావ కన్నేసి ఉంచాల్సింది వాగు మట్టం మీద.

ఇక పెద్ద రాళ్లు వెనకబడతాయనుకోవడం కూడా తప్పే. అవి పైకి తేలి ముందుకొస్తాయి, మొదట తాకేవి అవే. ఇది మాత్రం మా చిన్న తొట్టిలో కూడా కనిపిస్తుంది.