మంగోలియా డ్యాన్స్ అంటే గుర్రాల గంతులేనా? కొన్ని అపోహలు, అసలు సంగతులు

మంగోలియన్ జానపద నృత్యం నేర్పిస్తానని చెప్పగానే చాలామంది కళ్ళెం పట్టుకున్నట్టు చేతులు పెట్టి భుజాలు ఎగరేసి చూపిస్తారు. వాళ్ళను అనుకుని లాభం లేదు, యూట్యూబ్‌లో ముందు కనిపించేవి అవే. ఎక్కువగా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పెద్ద మైదానం, గుంపు, గంతులు ఉంటేనే అది మంగోలియా నృత్యం.

పశ్చిమ మంగోలియాలో, ముఖ్యంగా ఖోవ్ద్, ఊవ్స్ ప్రాంతాల్లో, ఇప్పటికీ ఆడే పాత నృత్యం బియెల్గీ. దీన్ని గెర్‌లో ఆడతారు. గెర్ అంటే సంచార కుటుంబాలు ఉండే గుండ్రటి ఉన్ని గుడారం. మధ్యలో పొయ్యి, గోడల వెంట మంచాలు, పెట్టెలు, వాటి ముందు చుట్టాలు. మిగిలిన కాస్త చోట్లో ఎగిరితే పొయ్యిలో పడతాం! అందుకే సగం కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి గానీ మఠం వేసుకుని గానీ ఆడతారు, కాబట్టి నాట్యమంతా భుజాలు, ఛాతీ, మణికట్లు, వేళ్ళలోకి వచ్చేస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు "స్టెప్స్ ఎప్పుడు మొదలుపెడతారు మేడమ్?" అని అడుగుతుంటారు. మెడ కదలకుండా రెండు భుజాలు ఒకదాని తర్వాత ఒకటి తాళానికి పలికించమంటే అప్పుడు తెలుస్తుంది కష్టం ఎక్కడుందో.

అపోహ: చేతులు అందం కోసం ఊపుతారు.

కాదు. పాలు పితకడం, కుట్టుపని, గుర్రపు స్వారీ, ఇలా ఇంట్లో, పచ్చిక బయళ్ళలో రోజూ చేసే పనులన్నీ ఆ చేతుల్లో ఉంటాయి. అలాగని మన హస్తముద్రల్లా ప్రతిదానికీ ఒక పేరు, ఒక అర్థం ఉంటుందని పట్టిక రాసుకోకండి, ఆడే మనిషి అప్పటికప్పుడు కలుపుకునేదీ చాలా ఉంటుంది.

అపోహ: అందరిదీ ఒకటే డ్యాన్స్, డ్రెస్ మారుతుందంతే.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే మాట ఇది. బయాద్ తెగవాళ్ళు మోకాళ్ళు బయటికి తిప్పి, వాటి మీద ఐరగ్, అంటే పులిసిన గుర్రం పాలు, నింపిన కప్పులు పెట్టుకుని ఆడతారు. దోర్వోద్ తెగవాళ్ళైతే కప్పులు తల మీద, చేతుల మీద పెట్టుకుంటారు. చూసి "సర్కస్ ఫీట్" అంటారు గానీ, కప్పు నిలబడాలంటే నడుము కింద అంతా బిగపట్టి పైనంతా వదిలెయ్యాలి. కూచిపూడి తరంగంలో తల మీద చెంబు పెట్టుకుని పాదాలు ఆడిస్తాం కదా, ఇక్కడ దాదాపు తలకిందుల లెక్క. తోర్గూద్, జఖ్చిన్, ఉరియాంఖై, ఖోతోన్, ఎవరి పద్ధతి వాళ్ళది. బుర్యాత్‌ల యోఖోర్ అయితే బియెల్గీతో పోలికే లేదు: చేతులు పట్టుకుని, పాడుకుంటూ, సూర్యుడు తిరిగే దిక్కున గుండ్రంగా తిరిగే ఆట అది. ఇంకో మాట, రెండు వైపులా కొమ్ముల్లా విప్పారిన ఆ జడల అలంకారం ఖల్ఖా అనే మరో తెగ ముత్తైదువలది. అది పెట్టుకుని బయాద్ కప్పుల నృత్యం చేసే వీడియోలకు లైకులు బాగానే వస్తాయి, ఏం చేస్తాం.

అపోహ: చెంఘిజ్ ఖాన్ కాలం నుంచి చెక్కుచెదరకుండా వస్తున్న నృత్యమే మనం స్టేజి మీద చూసేది.

పాతదనం నిజమే. 13వ శతాబ్దపు 'మంగోలుల రహస్య చరిత్ర'లో ఖుతులా అనే నాయకుణ్ణి ఖాన్‌గా నిలబెట్టినప్పుడు చెట్టు చుట్టూ ఆడీ ఆడీ నేల పక్కటెముకల లోతు గుంట పడిందని, మోకాళ్ళ దాకా దుమ్ము పేరుకుందని ఉంది. అంటే ఆరుబయట గుంపుగా ఆడడం కూడా వాళ్ళకు కొత్తేం కాదు. కానీ ఇప్పుడు వరసలు కట్టి, కాళ్ళు చాచి ఎగిరే గ్రూపు ఐటమ్స్ చాలావరకు 20వ శతాబ్దంలో, బ్యాలే శిక్షణ ప్రభావంతో వేదిక కోసం తయారైనవి. చాప్‌స్టిక్స్ పట్టుకుని, గిన్నెలు నెత్తిన పెట్టుకుని చేసేవి ఎక్కువగా చైనాలో ఉన్న ఇన్నర్ మంగోలియా వైపు, ఓర్దోస్ ప్రాంతానివి. వాటిని నకిలీ అనను, నేనూ నేర్పుతాను. గెర్‌లో ఆడేది అదేనని మాత్రం చెప్పను.

ముసుగుల త్సామ్ కూడా జానపదమే అంటారు. కాదు. టిబెట్ నుంచి వచ్చిన బౌద్ధ మఠాల క్రతువు అది, 1930లలో మఠాలను ధ్వంసం చేసినప్పుడు ఆగిపోయి, 1990 తర్వాత మళ్ళీ మొదలైంది. నాదమ్ అనే మంగోలియా ఆటల పండగలో మల్లయోధులు గద్దలా చేతులు చాచి తిరిగేది కూడా కుస్తీలో భాగమే, దాన్ని డ్యాన్స్ ఐటమ్ చేసెయ్యకండి.

అపోహ: యునెస్కో గుర్తించింది, ఇక దిగులు లేదు.

2009లో బియెల్గీని చేర్చింది తక్షణం కాపాడుకోవాల్సిన వాటి జాబితాలో. అది శభాష్ అన్న ముద్ర కాదు, ప్రమాద హెచ్చరిక. ఈ నృత్యం ఇంట్లో పెద్దవాళ్ళను చూసి పిల్లలు నేర్చుకునేది, కుటుంబాలు గెర్ వదిలి పట్నాలకు వెళ్ళిపోతుంటే చూసి నేర్చుకోవడానికి ఎవరుంటారు?

నేర్చుకోవాలనుకునేవాళ్ళు వీడియోలు వెతికేటప్పుడు 'మంగోలియన్ డ్యాన్స్' అని కాకుండా 'బియెల్గీ' అని కొట్టి పక్కన తెగ పేరు కూడా పెట్టండి: బయాద్, దోర్వోద్, తోర్గూద్, ఏదైనా. ఆర్కెస్ట్రా ఉన్నవి తర్వాత చూడొచ్చు. ఇకెల్ అనే రెండు తీగల వాద్యమో, తోప్‌షూర్ అనే మీటి వాయించే తీగల వాద్యమో వాయిస్తూ ఒక్క మనిషి, ఆ పక్కనే ఆడుతూ ఇంకో మనిషి, ఇలా ఉన్నవి ముందు చూడండి, అదీ నడుము పై భాగం మాత్రమే.