రెండు సెంటీమీటర్ల దగ్గర ఆగిన సింగపూర్: విదేశీ థీమ్ పార్కు ప్రయాణాలపై అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో, గిరి రోడ్డు పక్క సందులో మాదో చిన్న ట్రావెల్ ఆఫీసు. ఒక టేబులు, నాలుగు కుర్చీలు, మొరాయించే ప్రింటరు, గోడకి ఒక ఎత్తు కొలిచే పట్టీ. ఆ పట్టీ మీద 102, 107, 122, 125 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర స్కెచ్ పెన్నుతో గీతలు గీసి ఉంటాయి. "ఇదేంటక్కా, పిల్లల డాక్టరు దగ్గరికి వచ్చామా?" అని అందరూ నవ్వుతారు. పిల్లాడు చెప్పులు విప్పి గోడకి ఆనుకున్నాకే నేను టికెట్ల మాట ఎత్తుతాను.

అపోహ: టికెట్ కొంటే అన్ని రైడ్లూ ఎక్కొచ్చు.

ఈ గీతలు గీయక ముందు నేనూ ఇలాగే అనుకునేదాన్ని. పర్లాకిమిడి నుంచి ఒక కుటుంబాన్ని సింగపూర్ పంపాను. బాబుకి ఎనిమిదేళ్లు. వాడు ఆర్నెల్లుగా యూట్యూబులో అక్కడి యూనివర్సల్ స్టూడియోస్ పార్కులోని మమ్మీ రైడే చూస్తున్నాడు. మధ్యాహ్నం వాట్సాప్‌లో వాళ్ల నాన్న ఫోను: "అక్కా, గేటు దగ్గర ఆపేశారు. రెండు సెంటీమీటర్లే తక్కువ. మీరొక్కసారి వాళ్లతో మాట్లాడండి." వెనకాల పిల్లాడి ఏడుపు వినబడుతూనే ఉంది. నేనేం మాట్లాడతాను? ఆ రైడుకి 122 సెంటీమీటర్లు ఉండాలి, వాడు 120. తప్పు నాది, ముందే కొలవలేదు.

ఆ నిబంధన మన సినిమా హాలు గేటు దగ్గర బతిమాలితే సడలేలాంటిది కాదు. సీటుకి అడ్డంగా వచ్చే కడ్డీని ఫలానా సైజు ఒంటిని పట్టి ఉంచేలా తయారుచేస్తారు. ఒళ్లు అంతకన్నా చిన్నదైతే మలుపులో జారిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే అమ్మానాన్నలు సంతకం పెడతామన్నా ఒప్పుకోరు. ఆ పార్కులోనే ట్రాన్స్‌ఫార్మర్స్‌కి 102, జురాసిక్ పార్కు నీళ్ల రైడుకి 107, బాటిల్‌స్టార్ గెలాక్టికాకి 125 కావాలి. ఏ పార్కైనా ప్రతి రైడు ఎత్తునూ తన వెబ్‌సైటులో పెడుతుంది. ఇంట్లో టేపు పట్టి, ఆ జాబితా పక్కన పెట్టుకుని, ఎక్కగలిగేవీ ఎక్కలేనివీ పిల్లలకి బయల్దేరక ముందే చెప్పేయండి. ఇంట్లో ఏడిస్తే పది నిమిషాల్లో సర్దుకుంటారు. అక్కడ ఏడిస్తే ఆ పూటంతా పోతుంది. పిల్లాడు 95 సెంటీమీటర్లే ఉంటే పెద్ద రైడ్ల పార్కు ఇంకో మూడేళ్లు వాయిదా వేసుకోమని నేనే చెబుతాను. కమిషన్ పోతే పోయింది.

పనిలో పనిగా, ఆ పార్కు రైడ్లలో మీరు వెళ్లే రోజుల్లో మరమ్మతుకి మూసేసేవి ఉన్నాయేమో కూడా అదే వెబ్‌సైటులో చూసుకోండి.

అపోహ: ఐదు నిండని పిల్లలకి టికెట్ ఉండదు.

ఇది రైలు అలవాటు. ఇక్కడ ఒక్కో పార్కు లెక్క ఒక్కోలా ఉంటుంది. సింగపూర్ యూనివర్సల్‌లో 4 నుంచి 12 ఏళ్ల వరకు పిల్లల టికెట్. టోక్యో డిస్నీలో 4 నుంచి 11, హాంకాంగ్, పారిస్ డిస్నీల్లో 3 నుంచి 11. ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 3 నుంచి 9 వరకే, పదేళ్లు నిండిన రోజు నుంచి వాళ్ల లెక్కలో పెద్దవాళ్లే. వయసు చూసేది పాస్‌పోర్టులో ఉన్న పుట్టినరోజు బట్టి, స్కూల్లో ఒక ఏడు తగ్గించి వేయించింది బట్టి కాదు.

విమానంలో ఇంకో మెలిక ఉంది. రెండేళ్లు నిండని పాపని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. కానీ ప్రయాణం మధ్యలో రెండో పుట్టినరోజు వస్తే తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి. "పుట్టినరోజు సింగపూర్‌లో చేద్దాం అక్కా" అని మురిసిపోయే తండ్రులకి ఈ ఖర్చు ఎవరూ చెప్పరు.

అపోహ: ఆధార్ ఉంది కదా, పేర్లకేం ఇబ్బంది.

ఒడిశాలో ఉండే తెలుగువాళ్లకి ఇది అసలు సిసలు తలనొప్పి. నా సమయంలో సగం దీనికే పోతుంది. ఒడియాలో 'వ' ధ్వని 'బ'లో కలిసిపోయింది. మనం వైష్ణవి అని ముచ్చటపడి పెట్టుకుంటే జనన ధ్రువపత్రంలో 'బైష్ణబి' అవుతుంది. వెంకటరావు 'బెంకట', శ్రీనివాస్ 'శ్రీనిబాస్'. స్కూల్లో టీచరు తెలుగావిడైతే అక్కడ మళ్లీ 'వి' వస్తుంది. ఒకే పాపకి మూడు కాగితాల్లో మూడు స్పెల్లింగులు. దీనికి తోడు ఇంటిపేరు ఒక చోట పొట్టి అక్షరంగా, ఇంకో చోట పూర్తిగా, మరో చోట అసలు లేకుండా.

ఒకసారి పాస్‌పోర్టులో 'బి'తోనూ, ఇంట్లోవాళ్లు నాకు వాట్సాప్‌లో పంపిన పేరు 'వి'తోనూ ఉన్నాయి. నేను వాట్సాప్ నమ్మి టికెట్ తీశాను. దాన్ని సరిచేయించడానికి రెండు రోజులు ఫోను పట్టుకుని కూర్చున్నాను. అప్పటినుంచి పేరు ఎవరు నోటితో చెప్పినా రాసుకోను. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో కావాలి, అంతే. టికెట్, వీసా, పార్కు బుకింగు, అన్నీ ఆ పేజీలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. పిల్లలకి కొత్తగా పాస్‌పోర్టు తీసేవాళ్లయితే ముందు జనన ధ్రువపత్రంలో పేరు సరిచేయించుకుని అప్పుడు అప్లై చేయండి. ఆ పని రెండు వారాల్లో తెమిలేది కాదు గనక వేసవి ప్రయాణానికి దసరా నాడే మొదలుపెట్టాలి.

ఇంకోటి. మన పాస్‌పోర్టు పదేళ్లు ఉంటుంది, పదిహేను నిండని పిల్లలది ఐదేళ్లే, ఆలోగా పద్దెనిమిది నిండితే అప్పటివరకే. అమ్మానాన్నలవి పక్కాగా ఉండి, పిల్లాడిది మాత్రం నాలుగు నెలల్లో అయిపోతున్న కుటుంబాలు ఏటా ఇద్దరు ముగ్గురు తగులుతారు. చేతిలో కనీసం ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోవాలి.

హాంకాంగ్‌కి భారతీయులు 14 రోజుల వరకు వీసా లేకుండా వెళ్లొచ్చు. కాకపోతే బయల్దేరేలోగా ఆన్‌లైన్లో ముందస్తు రిజిస్ట్రేషన్ చేసుకుని ఆ కాగితం ప్రింటు తీసుకోవాలి. అక్కడా ఈ 'బి', 'వి' గొడవ ఉంటుంది, జాగ్రత్త. సింగపూర్‌కి వీసా కావాలి, అది కాక దిగడానికి మూడు రోజుల్లోపు అరైవల్ కార్డు నింపాలి. ఆ కార్డు ఉచితం. గూగుల్లో పైన కనబడే వెబ్‌సైటు ఏదైనా దానికి డబ్బులడిగితే వెంటనే బయటికి వచ్చేయండి.

అపోహ: నాలుగు రోజుల్లో ఎన్ని చూపిస్తే అంత మంచి ప్యాకేజీ.

మా వ్యాపారం గుట్టు నేనే విప్పుతున్నాను, తోటివాళ్లు తిట్టుకున్నా సరే. ప్యాకేజీ కాగితం మీద 'ఉదయం సిటీ టూర్, అనంతరం యూనివర్సల్ స్టూడియోస్' అని ఉంటే ఆ 'అనంతరం' అనే మాట దగ్గర ఆగండి. దానర్థం మీరు పార్కులో అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అప్పటికి ప్రతి పెద్ద రైడు ముందూ బారు క్యూ ఉంటుంది, ఎండ నడినెత్తి మీద ఉంటుంది, చాలాసార్లు ఉరుములతో వానా వస్తుంది. మెరుపులుంటే ఆరుబయటి రైడ్లు ఆపేస్తారు. పూర్తి టికెట్టు పెట్టి మూడు రైడ్లు ఎక్కి బయటపడతారు.

పార్కుకి ఒక రోజు పూర్తిగా ఇవ్వండి. గేటు తెరవడానికి ముప్పావు గంట ముందే అక్కడ ఉండండి. లోపలికి వెళ్లగానే అందరూ ముందు కనబడే దుకాణాల దగ్గర ఫొటోలు దిగుతారు, మీరు నేరుగా వెనక భాగంలో ఉన్న పెద్ద రైడుకి వెళ్లిపోండి. మొదటి గంటన్నరలో ఎక్కినన్ని రైడ్లు మధ్యాహ్నం నాలుగు గంటల్లో కూడా ఎక్కలేరు. ఫొటోలు సాయంత్రం దిగొచ్చు, వెలుతురు కూడా అప్పుడే బావుంటుంది. పార్కు యాప్‌లో ఏ రైడుకి ఎన్ని నిమిషాల క్యూ ఉందో కనబడుతూ ఉంటుంది. ఆ పని ఇంట్లో పదో తరగతి పిల్లకి అప్పజెప్పండి, నాన్నకి కాదు.

మన వైపు నుంచి సింగపూర్‌కి నేరుగా వెళ్లాలంటే విశాఖలో విమానం ఎక్కితే సరి. రాత్రి ఎక్కి తెల్లారగట్ల దిగితే "రోజు వృథా ఎందుకు, ఇవాళే పార్కు పెట్టేయండి" అంటారు. వద్దు. హోటల్ గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు, పిల్లలకి నిద్ర ఉండదు. ఆ రోజు ఏ తోటలోనో తిరిగి త్వరగా పడుకోండి.

ఫ్లోరిడా సంగతి వేరే. డిస్నీ వరల్డ్ ఒక పార్కు కాదు, నాలుగు థీమ్ పార్కులు, రెండు వాటర్ పార్కులు, దాదాపు 100 చదరపు కిలోమీటర్లు. వారం లేకపోతే వెళ్లకండి. వీసా ఇంటర్వ్యూకి హైదరాబాదో కోల్‌కతానో తిరగాలి, దానికి అపాయింట్‌మెంట్ దొరికాకే మిగతావి బుక్ చేయండి.

అపోహ: మన సెలవుల్లో అక్కడ ఖాళీగా ఉంటుంది.

మన సెలవులు మనకే. వాళ్లవి వాళ్లకి ఉన్నాయి. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా జపాన్‌లో గోల్డెన్ వీక్, మే మొదటి వారం చైనాలో సెలవులు, జూన్‌లో సింగపూర్ స్కూళ్ల సెలవులు. దసరా సెలవులు అక్టోబరు మొదట్లో పడిన ఏడు హాంకాంగ్ జోలికి వెళ్లొద్దు, అక్టోబరు 1 నుంచి చైనా జాతీయ సెలవులు. మే నెలలోనే వెళ్లాలంటే అబుదాబి యాస్ ఐలాండ్ నయం. ఫెరారీ వరల్డ్‌లో ఎక్కువ భాగం, వార్నర్ బ్రదర్స్ వరల్డ్ మొత్తం కప్పు కిందే, ఏసీలోనే. ఏ దేశమైనా మంగళ, బుధ, గురువారాలు చూసుకోండి.

అపోహ: ఎక్స్‌ప్రెస్ పాస్ లేకపోతే వెళ్లినా దండగే.

అదనంగా డబ్బు కట్టి పెద్ద క్యూ తప్పించుకునే పాస్ ఇది. రద్దీ రోజుల్లో అవసరమే, కాదనను. కానీ మామూలు బుధవారం నాడు, పొద్దున్నే గేటు దగ్గర ఉండేవాళ్లకి ఆ డబ్బు అక్కర్లేదు. పైగా చిన్న పిల్లలతో వెళ్తే మీరు ఎక్కే రైడ్లే నాలుగు, వాటి కోసం అందరికీ పాస్ ఎందుకు? కొన్ని రైడ్లకి ఒంటరిగా కూర్చునేవాళ్ల క్యూ వేరుగా ఉంటుంది, కాలేజీ పిల్లలకి అది చాలు. పాత వీడియోలు చూసి "డిస్నీలో ఫాస్ట్‌పాస్ ఫ్రీ కదా" అని వాదించకండి. ఫ్లోరిడాలో అది 2021లోనే పోయింది.

అపోహ: మామ్మని తీసుకెళ్లలేం.

దీనికి ఎదురు అపోహ కూడా ఉంది, అది మామ్మలది. "మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో రాత్రంతా నడిచినదాన్ని, ఇదెంతమ్మా" అని ఒకావిడ నా ముందే కొంగు బిగించింది. యాత్రలో కాళ్లు లాగితే తెలిసినవాళ్ల అరుగు మీద కూలబడి టీ తాగుతాం. పార్కులో రోజంతా గట్టి నేల మీద నడక, ఎండ. మూడింటికి ఆవిడ మోకాళ్లు మొరాయించాయట. గేటు దగ్గరే చక్రాల కుర్చీ అద్దెకిస్తారు. పొద్దున్నే తీసుకోమంటే పరువు తక్కువనుకున్నారు. ఇప్పుడు నేను టికెట్ల కాగితం మీదే 'మామ్మగారికి కుర్చీ, గేటు దగ్గర' అని రాసి ఇస్తున్నాను. రాత ఉంటే ఎవరూ మొహమాటపడరు.

పసిపిల్లలున్న తల్లులు కూడా మొత్తం వదులుకోనక్కర్లేదు. నాన్న రైడు ఎక్కి దిగేదాకా అమ్మ పాపతో బయట ఉంటుంది, తర్వాత అమ్మని మళ్లీ క్యూ లేకుండా లోపలికి పంపుతారు. డిస్నీలోనూ యూనివర్సల్‌లోనూ ఈ పద్ధతి ఉంది. అడిగితేనే ఇస్తారు.

కొత్త బూట్లు ప్రయాణం రోజున వేసుకోవద్దు. రెండు వారాల ముందు కొని గోపాలపూర్ బీచి దాకా వెళ్లి నడిచి రండి.

అపోహ: తిండి అంతా ఇంటి నుంచే పట్టుకెళ్లాలి.

బరంపురం వాళ్లం, అప్పడాలూ ఊరగాయలూ లేకుండా గడప దాటం. ఊరగాయ సీసా చేతి సంచీలో పెడితే ఎయిర్‌పోర్టు తనిఖీలోనే తీసేస్తారు. రెండు కవర్లు చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి. అప్పడాలు సరే, వేయించేది ఎక్కడ? రాయగడ కుటుంబం ఒకటి హోటల్ గదిలో కరెంటు పొయ్యి పెట్టి పోపు వేశారు. ఎండుమిర్చి ఘాటుకి పొగ అలారం మోగింది, ఆ అంతస్తు మొత్తం లేచింది. జరిమానా సంగతి నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

సింగపూర్ యూనివర్సల్‌లో బయటి తిండి రానివ్వరు, పసిపిల్లల ఆహారం, వైద్యులు చెప్పిన పథ్యం తప్ప. ఫ్లోరిడా డిస్నీలో తెచ్చుకోవచ్చు. సింగపూర్‌లో కుళాయి నీళ్లు తాగొచ్చు కాబట్టి ఖాళీ సీసా పట్టుకెళ్లండి. రాత్రి అన్నం మీద బెంగ పుడితే లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డుకి వెళ్లిపోండి. అక్కడ కోమల విలాస్ అనే శాకాహార భోజన హోటల్ 1947 నుంచీ ఉంది. హోటల్ గది కూడా ఆ చుట్టుపక్కల మెట్రోకి దగ్గరగా తీసుకుంటే మామ్మకీ హాయి.

అపోహ: టీసీఎస్ పేరుతో ఏజెంటు డబ్బు నొక్కేస్తాడు.

ఈ మాట నా మొహం మీదే అన్నవాళ్లున్నారు. టీసీఎస్ అంటే అమ్మేవాళ్లే మీ దగ్గర ముందుగా వసూలు చేసే ఆదాయపన్ను. విదేశీ ప్యాకేజీ అమ్మినప్పుడు దాన్ని వసూలు చేసి ప్రభుత్వానికి కట్టడం మా బాధ్యత. అది మీ పాన్ మీదే జమ అవుతుంది, ఆదాయపన్ను వెబ్‌సైటులో మీ ఖాతాలో కనబడుతుంది, రిటర్ను వేసినప్పుడు మీ పన్నులో సర్దుకోవచ్చు, ఎక్కువైతే వాపసు వస్తుంది. రేటు బడ్జెట్లలో మారుతూ వస్తోంది కాబట్టి కట్టే రోజున అడగండి. ఇంట్లో రిటర్ను వేసేవాళ్ల పాన్ మీద బుక్ చేస్తే గొడవ ఉండదు. రిటర్నే వేయని మావయ్య పేరు మీద కట్టి తర్వాత నన్ను అడిగితే నేనేం చేయను?

అపోహ: కార్డు మెషీన్‌లో రూపాయలు కనబడితే మంచిదే.

స్క్రీన్ మీద రూపాయి గుర్తు చూడగానే మనవాళ్లకి ప్రాణం లేచొస్తుంది, టక్కున నొక్కేస్తారు. అక్కడ మార్పిడి రేటు వేసేది ఆ మెషీన్ వాళ్లు, మీ బ్యాంకు కాదు, సాధారణంగా అది ఖరీదైన రేటే. సింగపూర్‌లో సింగపూర్ డాలర్లు, దుబాయిలో దిర్హాములు, అవే నొక్కండి.