కాలం ఆగిపోయిన ఇల్లు ఎక్కడా లేదు: మ్యూజియం ఇళ్ళు, తోటల గురించి అపోహలు - వాస్తవాలు

ఒక కుటుంబం తరతరాలుగా కాపురమున్న ఇంటిని, దాని తోటను మ్యూజియంగా కాపాడే పనిలో ఉన్నవారికి సందర్శకుల నుంచి రోజూ వినిపించే మాటలు కొన్ని ఉంటాయి. చాలావరకు అభిమానంతో అన్నవే అయినా, అవన్నీ నిజాలు కావు. నా చెవిన తరచుగా పడే కొన్నింటిని ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: ఇంట్లోని ప్రతి వస్తువూ ఆ కుటుంబానిదే, వారు వదిలి వెళ్ళినట్టే ఉంది.

వాస్తవం: అలా దొరకడం అరుదు. లండన్‌లో జాన్ సోన్ అనే వాస్తుశిల్పి తన ఇంటి కోసం 1833లో పార్లమెంటు చేత ప్రత్యేక చట్టమే చేయించుకున్నారు. 1837లో ఆయన కన్నుమూశాక ఆ ఇంటిని, అందులోని సేకరణలను వీలైనంత వరకు ఆయన ఉంచినట్టే ఉంచుతూ వస్తున్నారు. అంతటి ముందుచూపు అందరికీ ఉండదు. జార్జ్ వాషింగ్టన్ నివసించిన మౌంట్ వెర్నాన్‌ను కొనడానికి 1858లో ఒక మహిళా సంఘం రెండు లక్షల డాలర్లకు ఒప్పందం చేసుకుని, 1860లో స్వాధీనం చేసుకునే నాటికి, ఆయన కాలపు సామాను అక్కడ దాదాపు ఏమీ మిగలలేదు. పంపకాలలోనూ అమ్మకాలలోనూ చెదిరిపోయిన వస్తువులను వెతికి తెచ్చుకోవలసిందే, దొరకనప్పుడు అదే కాలపు మరో ఇంటి వస్తువును ఆ స్థానంలో ఉంచవలసిందే. అందువల్ల ఈసారి వెళ్ళినప్పుడు పక్కనున్న ఫలకం మీద "ఈ కుటుంబానిది" అని రాశారో, "ఆ కాలానిది" అని రాశారో గమనించండి. ఆ తేడా చెప్పని మ్యూజియం మీద నాకు అంత నమ్మకం ఉండదు.

అపోహ: మంచాలు పొట్టిగా ఉన్నాయంటే ఆనాటి మనుషులు పొట్టివారు.

వాస్తవం: టేపు పెట్టి కొలిస్తే చాలా పాత మంచాలు నేటి మంచాలంత పొడవుగానే ఉంటాయి. ఎత్తైన తలాపు, మందపాటి పరుపులు, పైన పందిరి, దాని తెరలు కలిసి మన కంటిని మోసగిస్తాయి.

అపోహ: కిటికీ తెరలు మూసి గదులను మసక చీకటిగా ఉంచడం పాతకాలపు వాతావరణం కోసం.

వాస్తవం: అది బట్టను, కాగితాన్ని, నీటిరంగుల చిత్రాలను బతికించుకోవడం కోసం. ఇటువంటివాటికి 50 లక్స్‌కు మించి వెలుతురు తగలనీయకూడదన్నది మా వృత్తిలో స్థిరపడిన లెక్క (లక్స్ అంటే ఒక చోట పడే వెలుతురుకు కొలమానం). తైలవర్ణ చిత్రాలకు 200 వరకు పరవాలేదు. కిటికీ పక్కన పగటి వెలుతురు వెయ్యి లక్స్ దాటడం మామూలే. రోజుకు 8 గంటల చొప్పున 300 రోజులు 50 లక్స్‌లో ఉన్న పట్టు తెరకు ఎంత వెలుతురు తగులుతుందో, వెయ్యి లక్స్‌లో 15 రోజులకే అంత తగులుతుంది. ఆ నష్టం పోగవుతూ పోతుందే తప్ప, తెర మూసినంత మాత్రాన వెలిసిన రంగు తిరిగి రాదు. ఒక కుర్చీ గుడ్డను మరమ్మతు కోసం విప్పినప్పుడు, గోధుమరంగు అనుకున్న ఆ గుడ్డ మీద మేకు తల దాచిన చుక్కంత చోట ముదురు ఎరుపు కనిపించింది. ఆ కుర్చీ అసలు రంగుకు మిగిలిన సాక్ష్యం అంతే. గదిలోకి అడుగుపెట్టాక రెండు మూడు నిమిషాలు ఆగండి, కళ్ళు సర్దుకుంటాయి. (కెమెరా ఫ్లాష్ వల్ల కలిగే నష్టం దీని ముందు చాలా స్వల్పం. ఫోటో కోసం చూడకుండా వెనక్కి అడుగువేసేవారిని చూస్తేనే మాకు గుండె ఝల్లుమంటుంది.)

అపోహ: దేన్నీ ముట్టుకోకపోతే చాలు.

వాస్తవం: ముట్టుకోకపోవడం మంచిదే, కానీ గదిలో పేరుకునే దుమ్ములో చాలా భాగం సందర్శకుల బట్టల నూగు, చెప్పుల మట్టి. గాలిలో తేమ పెరిగితే ఆ దుమ్ము అంటుకుని గట్టిపడుతుంది. దానిని తుడిచిన ప్రతిసారీ వస్తువు ఉపరితలం ఎంతో కొంత అరుగుతుంది. తాడు కట్టి దూరంగా నిలబెట్టేది ఇందుకు కూడా.

అపోహ: తోటలో ఒక పువ్వు కోసుకుని లోపలికి తెస్తే ఏం పోతుంది?

వాస్తవం: తివాచీలు పోతాయి. తివాచీ పురుగు పెద్దదయ్యాక పుప్పొడి తిని బతుకుతుంది, దాని పిల్లపురుగు మాత్రం ఉన్నిని, పట్టును, ఈకలను కొరికి తింటుంది. ఎదిగిన పురుగు కొద్ది మిల్లీమీటర్లు మించదు గనుక పూరేకుల మధ్య కూర్చుని వస్తే ఎవరికీ కనబడదు. వెలుతురు వైపు ఎగిరే అలవాటు వల్ల చివరికి కిటికీ గడప మీద దొరుకుతుంది. ఉదయం తలుపులు తీయగానే నేను ముందుగా చూసేది ఆ గడపలనే.

అపోహ: తోట వందేళ్ళ క్రితం ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది.

వాస్తవం: చారిత్రక ఉద్యానాల కోసం 1981లో రూపొందిన ఫ్లోరెన్స్ ప్రకటన తోటను సజీవ స్మారకంగా గుర్తించింది. మొక్కలు నశించేవీ, మళ్ళీ పుట్టించుకోదగినవీ అన్న స్పృహ దానిలో ఉంది. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే 1883 నుంచి 1926 దాకా నివసించిన జివెర్నీ తోట ఆయన తరవాత క్రమంగా పాడుబడింది. దానిని పునరుద్ధరించి 1980లో ప్రజలకు తెరిచారు. అక్కడ మనం నేడు చూసే జపాను శైలి వంతెన కూడా తిరిగి కట్టినదే. దానిని నకలు అని తీసిపారేయడం నాకు సమంజసంగా తోచదు, ఎందుకంటే తోటలో నిలవవలసినది అమరిక, ఏ ఒక్క మొక్కా శాశ్వతం కాదు.

పెద్ద చెట్ల సంగతి వేరు. వాటి ఆహారపు వేళ్ళు చాలావరకు నేల పైపొరలోనే, కొమ్మల నీడను దాటి కూడా పరచుకుని ఉంటాయి. జనం తొక్కి తొక్కి మట్టి గట్టిపడితే వాటికి గాలి, నీరు అందవు, చెట్టు మాత్రం కొన్నేళ్ళకు గానీ ఆ సంగతి బయటపెట్టదు. బాట విడిచి నడవవద్దని చెప్పేది గడ్డి కోసం మాత్రమే కాదు. ఎంత కాపాడినా ఏదో ఒకనాడు కూలవలసిన చెట్టు నుంచి ముందుగానే కొమ్మలు తీసి అంట్లు కడతాం. సందర్శకుల దారికి దూరంగా, తోట వెనుక వైపున, అవి కుండీలలో పెరుగుతూ ఉంటాయి.