ఉద్దానం జీడితోట తగువు: అసలు మలుపు 2013లోనే

ఉద్దానంలోని జీడితోటలో తన వాటాను, విజయనగరంలో తనతో కలిసి ఉంటున్న వ్యక్తికి చెందేలా వీలునామా రాసి రిజిస్టరు చేయించిన తమ్ముడిపై అన్న పెట్టిన తగువు మళ్లీ పెద్దమనుషుల ముందుకు వచ్చింది. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన శిక్షాస్మృతి 377వ సెక్షను, సమ్మతితో కలిసే వయోజనులకు వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చిన సంగతి అందరికీ తెలిసిందే కనుక దాన్ని ఇక్కడ తిరగదోడనక్కరలేదు. ఈ ఇంటి వరకు అసలు మలుపు అంతకు ముందరిది.

2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు అలాంటి సంబంధం నేరం కాదన్న నాటికి తమ్ముడూ, ఆ వ్యక్తీ విజయనగరంలో డిగ్రీ చదువుతూ ఒకే గదిలో అద్దెకు ఉండేవారు. ఆ తీర్పును 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు కొట్టివేసి, చట్టం మార్చడం పార్లమెంటు పని అంది. మర్నాటి పత్రికలోని వార్తను అన్న కత్తిరించి పట్టాదారు పాసుపుస్తకాల సంచిలో దాచి, సంక్రాంతికి వచ్చిన తమ్ముడి ముందు పరిచి, "కోర్టే తప్పని సెప్పీసింది, నువ్వింకేటి సెప్తావు?" అని అడిగాడు. యావజ్జీవ శిక్ష దాకా పడగల నేరమని విన్న తల్లి బెంగతో మంచం పట్టింది. ఆ వేసవిలోనే తమ్ముడికి ఒక అమ్మాయితో పెళ్లి చేసేశారు. విజయనగరం స్నేహితుడు ఆ పెళ్లిలో బంతికి వడ్డన చేసి, తాను తినకుండానే రాత్రి బస్సుకు వెళ్లిపోయాడు. తర్వాత ఇద్దరి మధ్య ఉత్తరం లేదు, ఫోను లేదు. రెండేళ్లకు ఆ కాపురం పరస్పర అంగీకారంతో విడాకులకు చేరింది. ఆ అమ్మాయికి జరిగిన నష్టం గురించి మాత్రం ఇప్పుడు ఏ పక్షమూ నోరెత్తడం లేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతంలో కొబ్బరిని, జీడిని నేలమట్టం చేసింది. కరెంటు లేని ఆ రోజుల్లో మంచినీళ్ల డబ్బాలతో వచ్చిన వ్యానులోంచి ఆ విజయనగరం స్నేహితుడు దిగాడు. కూలిన చెట్లు కోయించి కొత్త మొక్కలు నాటించడానికి అయిన ఖర్చులో సగం అతడిదే. ఆ డబ్బును అన్న అప్పట్లో కాదనలేదు. తోట కాపుకొచ్చాకే అభ్యంతరం మొదలైంది.

తాతలనాటి భూమి బయటివాడికి పోకూడదని, మాయమాటలతో రాయించుకున్నాడని అన్న వాదన. తమ్ముడు చెప్పేది వేరు. స్వలింగ జంటల వివాహాన్ని గుర్తించడానికి సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న నిరాకరించింది కాబట్టి, వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం తన వాటా తల్లికి, ఆమె తదనంతరం తోబుట్టువులకు చేరుతుందే తప్ప, చెట్లు నాటిన మనిషికి ఒక్క కొమ్మ కూడా దక్కదని అతడంటాడు. ఉమ్మడి ఆస్తిలోనైనా తన వాటాను వీలునామాగా రాసే హక్కు అదే చట్టంలోని 30వ సెక్షను ఇచ్చింది. రాసినవాడు బతికుండగా దాన్ని మార్చగలిగేది అతడొక్కడే. కలిసి ఉండటం మాటకొస్తే, ఇద్దరు యువతుల విషయంలో వయోజనులు నచ్చిన వారితో ఉండవచ్చని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024 డిసెంబరులోనే చెప్పింది.

రద్దు పత్రం మీద సంతకం పెట్టించాలని అన్న పట్టుబడుతున్నాడు. పిలిచినప్పుడల్లా వస్తాను గానీ సంతకం పెట్టనని తమ్ముడు పెద్దలకు కబురు చేశాడు.